మూడు రాళ్ళ మిద్దె

9 జనవరి, గురువారం

చిన్నపుల్లయ్య మామ పేర్చుకున్న మూడు రాళ్ళను ఫోర్‌మన్ ఈశ్వరయ్య బూటుకాలితో తన్నాడు. పొద్దున ఏడుంబావు. మేం పనిచేసే పక్షుల రిజర్వ్‌లో, బాట పెద్ద మలుపు దగ్గర. నేను కళ్ళారా చూశాను. అందుకే పేరూ టైమూ వేసి రాస్తున్నా. రేపు ఎవరూ జరగలేదనకూడదు.

తన్నినవాడు ఇంజనీరైతే నాకింత మండేది కాదు. ఈశ్వరయ్య మనోడు. పుల్లంపేట మనిషి. పోయినేడు ఊర్లో మిద్దె మీద మిద్దె వేసి, ఆ ఫోటో అందరికీ చూపించినవాడు.

మామ వంగాడు. దొర్లిన రాళ్ళను ఏరుకుని, బాట అంచు వరసలో కలిపేసి, చీపురు అందుకున్నాడు. నేనే అరిచాను. ఆ రాళ్ళు నీ అబ్బ సొమ్మా అన్నాను. ఈశ్వరయ్య వెనక్కి చూసి, గమ్మునుండరా తిక్కనాయాలా, ఇంజనీరు కారు వస్తాండాది, అన్నాడు. వస్తే? కారులో ఉండేది దేవుడా?

అక్షరాలు కుదరడం లేదు.

12 జనవరి, ఆదివారం

మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ముప్పై ఒక్కమంది ఉన్నాం, అంతా ఈ అరబ్బు దేశంలో మా అమ్ఘరా క్యాంపులో ఉండేవాళ్ళే. పనివాడి రాళ్ళను తన్నడమంటే పనివాణ్ణి తన్నడమే అని రాశాను. ఇరవై ఆరుమంది చూశారు. ఒకడు బొటనవేలు పెట్టి రెండు నిమిషాల్లో తీసేశాడు. పికప్ నడిపే బాబ్జాన్, రాయచోటి ఆయన, వాయిస్ మెసేజ్ పంపాడు. ఏందిరా పెంచలూ, రాళ్ళకు గూడా యూనియన్ పెడతాండావా, సందా ఎంతో సెప్పు, అని. వెనక నలుగురు నవ్వుతున్నారు. ఆ నవ్వు ఫోన్లోనూ వినిపించింది, వంటగదిలోంచి నేరుగానూ వినిపించింది.

నిజానికి ఆ రాళ్ళమీద నాకూ నమ్మకం లేదు. మా వైపు నుంచి అడవిదారిన తిరుమల కొండకు నడిచిపోయేవాళ్ళు పక్కన రాయి మీద రాయి పెడతారు. సొంతిల్లు కావాలని మొక్కు. కిందిది పునాది, నడిమిది గోడ, పైది మిద్దె. అది మూఢనమ్మకమని నవంబర్లో మామకు మొహం మీదే చెప్పాను. రాళ్ళు పేరిస్తే ఇల్లు రాదు, కూలి పెరిగితే వస్తుంది అన్నాను. మామ నవ్వాడు. పదిహేడేండ్లు కూలి జేస్తి గదరా అబ్బీ, దాంతో రాలా, దీంతో సూడనీ, పోయేదేముండాది, అన్నాడు.

కరపత్రాల్లో దానికి జవాబు లేదు.

నేను పెద్ద పుస్తకం ఏదీ పూర్తిగా చదివినవాణ్ణి కాదు. రాజంపేటలో నేను బొత్తాలు కుట్టిన టైలర్ షాపులో, మిషన్ కింద పాత కార్మిక సంఘం కరపత్రాల కట్టలుండేవి. నా చదువంతా అదే. ఎనిమిదేసి పేజీలు, రెండేసి పిన్నులు. ప్రతిదాని చివరా ఒక తేదీ, ఒక టైమ్, తరలిరండి అని. ఆ తేదీలన్నీ నేను పుట్టకముందువి. అయినా చదివిన ప్రతిసారీ చొక్కా వేసుకుని బయల్దేరాలనిపించేది.

17 జనవరి, శుక్రవారం, మధ్యాహ్నం

సెలవు. అందరూ సిటీలో మాలియా బజారుకు పోయారు. నన్ను రమ్మనలేదు. రమ్మంటే రాను అనేవాణ్ణి, అది వేరే సంగతి.

పక్కన స్క్రాప్ యార్డ్ కూడా మూసి ఉంది. రోజంతా ఇనుము అరిచే చోట చప్పుడు లేకపోతే చెవుల్లో ఏదో కారిపోయినట్టుంది. క్రేన్ కొక్కేనికి కారు తలుపొకటి వేలాడుతోంది. గాలికి అటూ ఇటూ తిరుగుతోంది. గంటసేపు దాన్నే చూశాను.

బాట గురించి రాస్తా. ఎవరూ రాయలేదు.

పోయిన ఏడాది మేం దిగినప్పుడు రిజర్వ్ అంటే కంచె, ఉప్పునేల, రెల్లు, లోతులేని నీటిమడుగులు. అంతే. ఇంజనీరు మ్యాప్‌లో గేటు నుంచి పెద్దమడుగు దాకా తాడు లాగినట్టు ఒక గీత ఉండేది. ఆ గీత మీద మేకులు కొట్టాం. మొదటి వానకే డంపర్ ఇరుసుదాకా దిగబడింది. దాన్ని పైకి తీసేసరికి రెండురోజులు పట్టింది. మూడోరోజు మామ ఎవర్నీ అడక్కుండా కట్టె పట్టుకుని ముందు నడిచాడు. చిన్నప్పుడు గొర్లు కాసిన మనిషి. ముళ్ళపొద ఉన్నచోట నేల నమ్మకస్తురాలు, తెల్లగా మెరిసేచోట మోసకారి, అన్నాడు. ఆయన అడుగు పడిన చోటల్లా మేం రాళ్ళు పరుచుకుంటూ వెనకే పోయాం. రెండు కిలోమీటర్లు. ఇంజనీరు తర్వాత మ్యాప్ మార్చుకున్నాడు. ఇప్పుడు గేటు దగ్గర బోర్డు మీద వంకరటింకరగా ఎర్రగీత ఉంది. కింద డబ్బిచ్చిన వాళ్ళ పేర్లు ఉన్నాయి. అది మామ నడక అని ఎక్కడా లేదు.

ఆ బాటలో ఇప్పుడు మామకు చోటు లేదు. పొద్దున అయిదు నుంచి ఎనిమిది దాకా ఊడుస్తాం. ఎనిమిదికి విజిటర్లు. ఆ తర్వాత మా నారింజ యూనిఫాం బాటమీద కనబడకూడదు. వాళ్ళ ఫోటోలు చెడిపోతాయట. సాయంత్రందాకా షెడ్ వెనక మొక్కలకు నీళ్ళు పడుతూ ఉండాలి. బాట కొసన మడుగు ఒడ్డున ఒక చెక్కగది ఉంది. అందులో కూర్చుని సందుల్లోంచి పక్షులను చూస్తారు. ఆ చెక్కలు మోసింది మేమే. గుమ్మందాకా. లోపల ఎట్లా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు.

24 జనవరి, శుక్రవారం

రూలు లేదు!

రిజర్వ్ వెబ్‌సైట్ మొత్తం చదివాను. పద్నాలుగు నిబంధనలు. కుక్కలు రాకూడదు. డ్రోన్ ఎగరేయకూడదు. పొయ్యి పెట్టకూడదు. రాళ్ళు, మొక్కలు కదిలించకూడదు. కూలివాడు రాకూడదని లేదు. సివిల్ ఐడీ ఉన్న ఎవరైనా యాప్‌లో స్లాట్ తీసుకోవచ్చు. యూనిఫాం కనబడొద్దని కంపెనీ చెప్పింది, నిజమే. మనిషి కనబడొద్దని ఎవరూ చెప్పలేదు. అది మనకై మనం అనుకున్నాం.

రూమ్‌లో లైటు వేసి అందరికీ చెప్పాను. వారమంతా సచ్చేది ఆన్నే, సెలవురోజు గూడా ఆడికేనా సామీ, పడుకోనీ, అన్నారు. లైటు ఆపేశారు. మధ్యాహ్నం మూడు గంటలకు.

29 జనవరి, బుధవారం

మామకు ఖలాస్ కాగితం వచ్చింది, పని అయిపోయింది పొమ్మని. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా ఇక రెన్యూ చేయరట. ఫిబ్రవరి 22, శనివారం ఫ్లైట్.

పికప్‌లో పక్కన కూర్చుని చెప్పాడు. ఏడుస్తాడనుకున్నా. ఏడవలేదు. ఒకే ఒకటి అడిగాడు. ఆ ఫోన్లో టికెట్ సంగతి నిజమేనా అబ్బీ, మీ అత్తకు గూడా దొరుకుతాదా, అని.

రెడ్డెమ్మత్త సాల్మియాలో ఒక ఇంట్లో పని చేస్తుంది. తొమ్మిదేళ్ళుగా. మొగుడూ పెళ్ళాలు ఒకే దేశంలో, నలభై కిలోమీటర్ల దూరంలో. ఆమెకు ఆ ఇంటి యజమానురాలు, మామా అని పిలవాలి ఆమెను, నెలకు ఒక్క శుక్రవారం సెలవిస్తుంది, రెండోది. ఆ ఒక్క పూట ఇద్దరూ మాలియాలో బస్టాపు గోడ మీద కూర్చుని, ఆమె తెచ్చింది తిని, ఎవరి బస్సు వాళ్ళు ఎక్కుతారు. వచ్చే రెండో శుక్రవారం ఫిబ్రవరి 14. మళ్ళీది మార్చిలో. అప్పటికి మామ ఉండడు.

ఆయమ్మకు ఏమీ జూపించింది లేదురా ఈ దేశంలో నేను, బస్టాపు తప్ప, అన్నాడు. ఆ బాటన్నా జూపిస్తా. ఇద్దరం కలిసి రాళ్ళు పెడితే గట్టిగా నిలుస్తాది, అన్నాడు.

మూఢనమ్మకం అనలేదు నేను. నోటిదాకా వచ్చింది.

3 ఫిబ్రవరి, సోమవారం

మూడు టికెట్లు. చిన్నపుల్లయ్య, రెడ్డెమ్మ, పెంచల్. శుక్రవారం 14, ఎనిమిది గంటల స్లాట్. మామ నా ఫోన్లో టికెట్ మీది, గేటు దగ్గర స్కాన్ చేసే చుక్కల చదరాన్ని రెండువేళ్ళతో పెద్దది చేసి చూశాడు. ఇందులో నేను యాడుండా, అన్నాడు.

9 ఫిబ్రవరి, ఆదివారం

ముగ్గురు చాలరు. ఇది వారంగా నా బుర్రలో తిరుగుతోంది. ఒక్కడు నడిస్తే షికారు. ముప్పైమంది నడిస్తే హక్కు. ముప్పై ఒక్కమందీ ఉతికిన చొక్కాలు వేసుకుని, టికెట్ చూపించి, తాము వేసిన బాటలో తామే నడిస్తే ఆ ఇంజనీరు మొహం ఎట్లా ఉంటుంది?

మామ వద్దన్నాడు. మేమిద్దరం సాలురా, ఊరంతా ఎందుకు, అన్నాడు. మామకు అర్థం కాదు. తనకోసం తాను అడుక్కోవడమే ఆయనకు తెలుసు.

అట్టపెట్టె చించి ఆరు కరపత్రాలు రాశాను.

10 ఫిబ్రవరి, సోమవారం

అంటించాను. బాత్రూమ్ తలుపు, వంటగది, నీళ్ళ మిషన్, ఇంకో మూడుచోట్ల. "బాట మనది. నడక మనది. శుక్రవారం ఉదయం ఎనిమిదికి రిజర్వ్ గేటు దగ్గరికి తరలిరండి." తెలుగులో రాశా కాబట్టి కంపెనీకి అర్థం కాదు.

జీవితంలో మొదటిసారి ఒక తేదీ నేను వేశాను.

11 ఫిబ్రవరి, మంగళవారం

కంపెనీకి అర్థం కాదు. ఈశ్వరయ్యకు అవుతుంది. పుల్లంపేట హైస్కూల్లో పదో తరగతి దాకా చదివాడు. ఈ చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు?

ఆరూ పీకి బకెట్లో నానబెట్టి, పిసికి ముద్ద చేశాడు. నా ముందే. ఈ దేశంలో గుంపు గూడితే ఏమయితాదో తెలుసునారా నీకు, అన్నాడు. తెలుసన్నాను. నీకు ఇరవైనాలుగు, విమానమెక్కిస్తే ఇంకో దేశం పోతావు, వీళ్ళు యాడికి పోతారు, అన్నాడు. పిరికివాడివి అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఊర్లో కట్టిన మిద్దె గురించి కూడా అన్నాను. వింటున్నవాళ్ళలో ఒక్కరూ నా వైపు నిలబడలేదు.

12 ఫిబ్రవరి, బుధవారం

డ్యూటీ లిస్ట్ పెట్టారు. శుక్రవారం సెలవు రద్దు. అందరికీ కబ్ద్‌లో, కంపెనీవాళ్ళ ఫారంలో కంచె పని. పొద్దున అయిదుకు పికప్‌లు. ముప్పైమంది పేర్లున్నాయి. మామ పేరు నాలుగోది.

నా పేరు లేదు. పనిలోకి కూడా పిలవలేదు.

13 ఫిబ్రవరి, గురువారం

మామ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయమ్మకు ఇప్పుడే చెప్పొద్దు, చెబితే రాదు, ఉండేది ఆ ఒక్క సెలవు, నువ్వన్నా జూపించు, అన్నాడు.

14 ఫిబ్రవరి, శుక్రవారం, ఉదయం 5:10

పికప్‌లు పోయాయి. బాబ్జాన్ హారన్ కొట్టలేదు. క్యాంపులో నేనొక్కణ్ణే.

ఉదయం 7:50

గేటు దగ్గర. నీలం చొక్కా. తరలివచ్చినవారు: నేను.

సాయంత్రం 6:30

అత్త టాక్సీ దిగింది. నల్లటి అబాయా, చేతిలో స్టీలు డబ్బా. చుట్టూ చూసింది. మీ మామ యాడ, అంది. చెప్పాను. మొత్తం చెప్పాను, కరపత్రాలతో సహా. ఆమె డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. నువ్వు నోరు గమ్మునుంచుకోని ఉంటే మేమిద్దరం నడుస్తాంటిమి గదరా అబ్బీ, అంది. కోపంగా కాదు. కూరలో ఉప్పెక్కువైంది అన్నట్టు అంది.

ఎనిమిది నెలలుగా రోజూ నన్ను చూసే గార్డు టికెట్ స్కాన్ చేసి, వెల్‌కమ్ సర్, అన్నాడు. గుర్తుపట్టలేదు. యూనిఫాం లేకపోతే నేను లేను.

బాటలో నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. డంపర్ దిగబడింది, మామ ముందు నడిచాడు, మ్యాప్ మార్చారు. అత్త చెయ్యి ఎత్తి ఆపింది. తెలస్తానే ఉండాది, అంది. చూడు, ఈడ బాట మలుపుకుంది, ఎండను మొహాన పడనీడు ఆ మనిషి, ఎడమబుజానికి పెట్టుకోని నడుస్తాడు, గొర్ల కాడ నుంచీ అంతే, అంది. ఇంకొంత దూరం పోయాక ఆగింది. ఈడ కాసేపు నిలబడుంటాడు, బీడీ ముట్టించేదానికి, అంది. నిజమే. అక్కడ బాట కొంచెం వెడల్పుగా ఉంటుంది. ఎందుకో నాకు ఇన్నాళ్ళూ తెలియదు. రాళ్ళు పరిచింది నేనే.

ఆ తర్వాత ఆమె ముందు నడిచింది. రెండడుగుల వెనక నేను. ఎదురొచ్చిన ఒక కుటుంబం, కెమెరాలు, పిల్లలు, మాకు దారి ఇచ్చి పక్కకు జరిగారు.

పెద్ద మలుపు దగ్గర అంచు వరసలోంచి మూడు రాళ్ళు ఏరింది. పెట్టవద్దని రూలుందని నాకు తెలుసు. చెప్పలేదు. పునాది పెట్టింది. గోడ పెట్టింది. మూడోది అబాయా అంచుతో తుడిచి, పక్కన నేల మీద పెట్టింది. మిద్దె ఆయప్పే వేయాల, అంది. మీ మామకు రేపు చెప్పు, అంది.

చెక్కగది లోపల ఏముంటుందో ఇప్పుడు నాకు తెలుసు. ఒక బల్ల, గోడలో పొడుగాటి సందు, అంతే. సందులోంచి మడుగు. మడుగులో గులాబీరంగు ఫ్లెమింగోలు, రెండొందలుంటాయేమో, ఒంటికాలి మీద. అత్త ఒక్కసారి చూసి, నేలను నమ్మనట్టు నిలబడుండాయే, అంది. బల్ల మీద కూర్చుంది. డబ్బా తెరిచి ఓళిగలు నా చేతిలో పెట్టింది. నేను రెండోది తింటుండగా చూస్తే, గోడకు తల ఆనించి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని.

లేపలేదు. గంటన్నర. విజిటర్లు లోపలికి తొంగిచూసి, వేలు పెదవి మీద పెట్టుకుని వెనక్కి పోయారు. నేను సందులోంచి చూస్తూ కూర్చున్నా. అంత అందమైనది ఎదురుగా ఉంటే ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది. ఫోన్ తీశాను. పేర్లన్నీ కిందిదాకా తోశాను. జేబులో పెట్టేశాను.

అత్త లేచి, టైమ్ చూసి, మా ఇంటి మామా ఒంటిగంటకల్లా రమ్మనె, అని పరుగులాంటి నడక. నాలుగు ఓళిగలు మిగిల్చి డబ్బా నాకిచ్చి పోయింది. ఎవరికో చెప్పలేదు.

15 ఫిబ్రవరి, శనివారం

పొద్దున ఆరింటికి మామ మూడో రాయి పెట్టాడు. చీపురు కింద పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, రెండుచేతులతో. ఓళిగ తింటూ కింది రెండూ ఎట్లా పెట్టిందో వంగి చూశాడు. వంకరగా పెట్టిందే, అన్నాడు. సరిచేయలేదు.

18 ఫిబ్రవరి, మంగళవారం

ఏడు గంటలకు ఇంజనీరు కారు గేటు దాటింది. మామ మడుగు వైపున్నాడు. నేను పెద్ద మలుపుకు పరిగెత్తాను. ఈశ్వరయ్య నాకంటే ముందే అక్కడున్నాడు, చేతిలో సుత్తి. ఈసారి తన్నితే కొట్టేద్దామనే పోయాను. నిజంగానే.

అతను రాళ్ళ వెనక ఒక కర్ర దిగగొడుతున్నాడు. "దయచేసి బాట దాటకండి" అని అరబ్బీలో, ఇంగ్లీషులో ఉండే బోర్డు, షెడ్‌లో మిగిలిపోయినది. దిగగొట్టి, ఇంకో రెండు చిన్నరాళ్ళు కర్ర మొదట్లోకి తోశాడు. ఇప్పుడవి మొక్కురాళ్ళు కావు, బోర్డుకు దన్ను రాళ్ళు. కారు ఆగింది. ఇంజనీరు అద్దం దించి, బోర్డు చూసి, గుడ్, అని పోయాడు.

ఈశ్వరయ్య సుత్తి నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు బాబ్జాన్ చెప్పాడు. జనవరిలో ఎవరో విజిటర్ ఆ రాళ్ళ ఫోటో తీసి కంప్లైంట్ పెట్టారట. ఆ రాళ్ళు పెట్టినోడెవడో పట్టుకుని అదేరోజు విమానమెక్కించమని ఇంజనీరు ఆర్డర్. కారు మలుపులో ఉంది, బోర్డు తెచ్చే టైమ్ లేదు, కాలుండాది, తన్నినాడు, అన్నాడు బాబ్జాన్. మరి నాకెందుకు చెప్పలేదు అన్నాను. నీకు చెబితే కరపత్రం ఏస్తావని భయం, అన్నాడు. ఈసారి నవ్వలేదు.

మొదటి పేజీకి పోయి ఈశ్వరయ్య పేరు కొట్టేద్దామనుకున్నా. కొట్టేయలేదు. తన్నింది నిజమే.

22 ఫిబ్రవరి, శనివారం

మామ పోయాడు. రెండు పెట్టెలు, ఒక దుప్పటి. అత్తకు సెలవు దొరకలేదు. ఎయిర్‌పోర్ట్ డోర్ దగ్గర నా భుజం పట్టుకుని, ఆ బాటకు వానొస్తే రెండో మలుపు కాడ నీళ్ళు నిలుస్తాయి, చూస్తాండు, అన్నాడు. ఇంకేమైనా అంటాడని నిలబడ్డా. అంతే.

మామ మంచం ఖాళీగా ఉంది. కొత్తవాడు ఇంకా రాలేదు.

27 ఫిబ్రవరి, గురువారం, ఉదయం 7:30

బోర్డు కింద, మామ పెట్టిన మిద్దె రాయి మీద నాలుగో రాయి ఉంది. నేను పెట్టలేదు. మామ కడప చేరిపోయాడు. అత్తకు సెలవు లేదు. ఈశ్వరయ్యను అడిగితే పని చూసుకోరా అన్నాడు.

ఈసారి గోడకు అంటించను. ఇక్కడే రాస్తున్నా. అది పెట్టినవారు ఎవరైనా సరే: రేపు, శుక్రవారం, ఉదయం ఎనిమిది గంటలకు, గేటు దగ్గరికి రండి. నేను నీలం చొక్కాలో ఉంటా.